కళ్ళు లేని బొమ్మ

"మా ఆవిడ ఇసక జల్లించిందంటే పిండి జల్లించినట్టేనండి."

బొమ్మ చేయించుకోవడానికి మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన నా గురించి చెప్పే మాట ఇదొక్కటే. చెడ్డగా చెప్పరు. నవ్వుతూ, మెచ్చుకోలుగానే చెబుతారు. వచ్చినవాళ్ళు కూడా నా వైపు తిరిగి, అలాగా అమ్మా అన్నట్టు నవ్వుతారు. నేను జల్లెడ ఆపకుండా తల ఊపుతాను. ఇరవై ఏళ్ళుగా ఊపుతూనే ఉన్నాను. జ్ఞానమ్మ టీచరుగారు మొదటిసారి మా షెడ్డులో అడుగుపెట్టిన రోజున కూడా ఆయన ఆ మాటే అన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నా చేతుల వైపు చూశారు. సిమెంటు తినెయ్యడం వల్ల గోళ్ళ చివర్లు తెల్లబారి, వేళ్ళు పగిలి ఉన్నాయి. ఇసుక జల్లిస్తే వేళ్ళు అలా అవుతాయా అని ఆవిడ అడగలేదు గానీ, అడిగినట్టే అనిపించి చేతులు కొంగులో దాచుకున్నాను.

మా ఆయన పేరు తాతారావు. కొత్తపేటలో సిమెంటు విగ్రహాలు చేసేవాళ్ళలో ఆయనకు మంచి పేరు. ఆ పేరులో నా పని ఎంతుందో చెప్పాలంటే ముందు బొమ్మ ఎలా తయారవుతుందో చెప్పాలి. ఇనుప ఊచలు వంచి ఎముకల గూడు కట్టేది నేను. దాని మీద కోళ్ళ గూటి వల చుట్టి, తీగతో బిగించి, సిమెంటు ముద్ద పట్టించేది నేను. లక్ష్మీదేవి కుచ్చిళ్ళు, ఆంజనేయుడి తోక, సరస్వతి వీణ మీద వేళ్ళు, అన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ అమ్మవారి చీర మడతలు చూసినా ఆ రోజు నేను ఏ కూర వండి ఎంత ఆలస్యంగా దించానో, దానికి మా అత్తగారు ఏమన్నారో కూడా గుర్తొస్తుంది. మొహం మాత్రం ఆయన చేస్తారు. బాగా చేస్తారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అన్నిటికీ చివర కళ్ళు తెరుస్తారు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే తెల్లవారుజామున తలస్నానం చేసి, విగ్రహం చుట్టూ దుప్పటి కట్టించి, పసుపు గుడ్డలో చుట్టి ఉంచిన చిన్న ఉలితో రెండు కళ్ళూ గీస్తారు. ఎదురుగా అద్దం పట్టుకుంటారు, బొమ్మ తన మొదటి చూపు తనే చూసుకోవాలని. ఆ సమయంలో ఆడవాళ్ళు షెడ్డులో ఉండకూడదు. నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుంటాను. కళ్ళు తెరిచాక అదే ఉలితో పాదం దగ్గర ఆయన పేరు చెక్కుతారు. పేరు కోసం అరచేతి మందాన మెత్తటి సిమెంటు పూసి, పచ్చి ఆరకుండా తడిగుడ్డ కప్పి ఉంచేది కూడా నేనే.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు జారాను. ఒక అమ్మవారిని బండికెక్కిస్తుంటే, "అత్తా, ఆ చేతులు చూసేరా, నేనే చేసేను" అన్నాను. ఇరవై ఏళ్ళ పిల్లని, సంతోషం ఆపుకోలేకపోయాను. మా అత్తగారు వీరాయమ్మ గట్టిమనిషే గానీ కోపిష్టి కాదు. విస్తుపోయినట్టు నన్ను చూసి, "కళ్ళు మీ ఆయన తెరిచేడు కదే, మరి బొమ్మ నీదెలాగవుద్ది?" అంది. నిజంగానే అడిగింది, ఆవిడకి అది అంత తేటగా కనిపించింది. ఆ తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకొక ఆచారం కూడా చెప్పాలి. మా ఇంట్లో పనిముట్టు ఆడదాని చేతికి అందించరు. తాపీ అయినా, సుత్తి అయినా, ఆయన నేల మీద పెడతారు, నేను వంగి తీసుకుంటాను. అందిస్తే పనిలో పట్టు తప్పుతుందని వాళ్ళ తాతలనాటి నమ్మకం. రోజుకు నలభైసార్లు వంగేదాన్ని. నడుం నొప్పి అంటే, "వయసొస్తంది కదే" అనేవారు మా ఆయన, జాలిగానే. ఆ పసుపు గుడ్డలో ఉలిని మాత్రం నేల మీద కూడా పెట్టరు. దాన్ని నేను తాకనే కూడదు.

మా అమ్మాయి హేమ తొమ్మిదో తరగతి. ఒకసారి బళ్ళో ఏదో కాగితం నింపమన్నారట. తండ్రి వృత్తి దగ్గర శిల్పి అని రాసుకుంది. తల్లి వృత్తి దగ్గర కలం ఆపి, షెడ్డులో మోకాలి లోతు సిమెంటులో ఉన్న నా వైపు చూసి, "అమ్మా, నీకు ఖాళీ అని రాసేయనా?" అంది. రాసెయ్యమన్నాను. పిల్ల తప్పు కాదు. ఆ పిల్ల చూసిందే రాసింది, మేం ఏం చూపించామో అదే చూసింది.

ఇక జ్ఞానమ్మగారి సంగతి. అమలాపురం వైపు ఒక పల్లె హైస్కూలుకి ఆవిడ ప్రధానోపాధ్యాయురాలు. రెండేళ్ళ కిందట, తొంభై ఆరు నవంబరు తుఫానులో ఆ బడి ఆవరణలో ఒక్క చెట్టు మిగల్లేదట. ఆ ఖాళీలో ఏదైనా బొమ్మ పెట్టాలని ఆవిడ కోరిక.

"విగ్రహం ఎవరిదండి?" అన్నారు మా ఆయన, కొలతలు రాసుకునే పుస్తకం తీస్తూ.

"ఎవరిదీ కాదండి. దండెయ్యాల్సింది వద్దు, దండం పెట్టాల్సింది వద్దు. పిల్లలెక్కి కూర్చునేది కావాలి. మా కమిటీ ప్రెసిడెంటు పోలిరాజు గారు వాళ్ళ నాన్నగారి విగ్రహం పెట్టమన్నారండి. పిల్లలు భుజాల మీదెక్కినా మీకు అభ్యంతరం లేకపోతే పెడదామండి అన్నాను. మరి మాటాడలేదు."

మా ఆయన నవ్వి, జింక గురించి చెప్పారు, తామరపువ్వులో కూర్చున్న పాప గురించి చెప్పారు. ఆవిడ అన్నీ విని, "అవి కాదండి" అని, అసలు సంగతి చెప్పారు. "మా పిల్లలు ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే బల్లల కింద దూరతన్నారండి. పదో తరగతి పిల్లలు కూడాను. నాకు వాళ్ళ కోసం ఏదో కావాలి. ఏం కావాలో నాకే తెలీడం లేదు."

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోట్లోంచి మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. "పడిపోయిన కొబ్బరిచెట్టండి" అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగారు. "పడిపోయిన చెట్టుని ఎవరన్నా బొమ్మ చేయించుకుంటారటే?"

కానీ ఆవిడ అప్పటికే గ్లాసు కింద పెట్టేశారు. పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాను. తుఫానుకి మా కొబ్బరిచెట్లన్నీ పోయాయి, ఒకటి మాత్రం సగం వేళ్ళు మట్టిలోనే ఉండగా పెంటకుప్ప వైపు పడింది. నరికించేద్దామంటే, దారికి అడ్డం లేదు కదా అని నేనే ఆపించాను. సాయంత్రాలు ఆ మాను మీద కూర్చుని నా చేతివేళ్ళకి కొబ్బరినూనె రాసుకునేదాన్ని. ఆరు నెలలకి దాని తల నేల విడిచింది. ఏడాదికి కొత్త ఆకులు పుట్టే మొవ్వ ఆకాశం వైపు తిరిగింది. మాను నేల మీద పడుకునే ఉంది, చివర మాత్రం పాము పడగెత్తినట్టు పైకి లేచింది. ఈ మధ్యే నాలుగు పిందెలు కూడా పట్టింది. జ్ఞానమ్మగారు ఆ మాను మీద చెయ్యి వేశారు. "ఇదేనండి" అన్నారు.

ఆవిడ వెళ్ళాక భోజనం దగ్గర మా ఆయన, "ఆలోచన బాగానే ఉందే. అయితే నాతో చెబితే నేను చెబుదును కదా, వచ్చినోళ్ళ ముందు నువ్వెందుకు మధ్యలో" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

అదే వారం రావులపాలెం అవతల హైవే పక్కన పెద్ద ఆంజనేయస్వామి పని వచ్చింది. బడి పనికి మాట ఇచ్చేశారు, ఇటు స్వామి పని వదులుకోలేరు. "చెట్టే కదా, నువ్వు మొదలెట్టెయ్యి. మొహం లేదు కదా దానికి. చివర్లో నేనొచ్చి చూసుకుంటాను" అన్నారు. అక్కడ ఆంజనేయుడి దగ్గర నా బదులు నలుగురు మగకూలీలను పెట్టుకున్నారు. ఆ నలుగురి సంగతి ఆయన మామూలుగానే చెప్పారు. నేను మాత్రం ఆ నాలుగు అంకెను చాలా రోజులు మనసులో తిప్పుకున్నాను.

అలా తెల్లవారి వంట ముగించి, అత్తగారికి అన్నం కూరా మూతపెట్టి, హేమకి జడ వేసి, ఎనిమిది గంటల బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. తోడుగా మా వీధి బుజ్జమ్మ వచ్చేది. ఆమె కూలి మనిషి, నా కంటే పదేళ్ళు పెద్దది, నోరు ఊరుకోదు. "ఇంటాయన పని చెయ్యడానికి ఇంతలా ముస్తాబెందుకమ్మా" అని మొదటిరోజే ఎగతాళి చేసింది. నేను ఉతికిన చీర కట్టుకున్నాను, అంతే. కానీ నిజమే, ఏదో పెళ్ళికి పోతున్నట్టే ఉంది నాకు.

బడి గేటు దగ్గర జ్ఞానమ్మగారు ఒక పుస్తకం పెట్టారు, పని మీద ఎవరొచ్చినా పేరు రాయాలని. మొదటిరోజు కలం నా చేతికిచ్చి, "మీ పేరు, పని రాయండమ్మా" అన్నారు. భవాని అని రాశాను. పని దగ్గర ఏం రాయాలో తెలియక ఆగిపోయాను. ఆవిడే కలం తీసుకుని 'మేస్త్రీ' అని రాశారు. ఆ రోజు నుంచి పిల్లలు నన్ను మేస్త్రీగారూ అని పిలిచారు. మొదట రెండు మూడుసార్లు ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను.

పని తేలిగ్గా సాగలేదు. ఇరవై ఏళ్ళుగా నిలబడిన దేవుళ్ళకి ఎముకలు కట్టిన దాన్ని. పడుకున్న దానికి కట్టడం నాకు రాదు. మొదటి వారం కట్టిన ఊచల గూడు సిమెంటు బరువుకి మధ్యలో కుంగిపోయింది. మొత్తం పగలగొట్టేశాను. ఇంటికొచ్చి పెరట్లో చెట్టు పక్కన పడుకుని, నా మూరతో దాని వంపు కొలుచుకున్నాను. ఎక్కడ మట్టిని ఆనుకుందో, ఎక్కడ విడిచిందో, ఎక్కడ తిరిగిందో వేళ్ళతో తడుముకున్నాను. మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూసి, "ఏమైందే నీకు, పొయ్యి మీద పప్పు మాడతంది" అని కేకేసింది. మాడనివ్వండి అనలేదు గానీ, మాడిన తరవాతే లేచాను.

ఇంకో తప్పు కూడా చేశాను. రెండోసారి మాను గట్టిగా నిలిచింది. దాన్ని అలవాటు ప్రకారం తడిగుడ్డతో రుద్ది రుద్ది నున్నగా చేశాను, అమ్మవారి చేతుల్లాగా. బుజ్జమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "చెట్టుకి పౌడరు రాసినట్టుందమ్మా" అంది. సిగ్గు పడ్డాను. నా చేతులకి నున్నగా చెయ్యడమే తెలుసు. గరుకుగా ఉంచడం ఎవరూ నేర్పలేదు, గరుకైనదేదీ నన్ను అడగలేదు. మర్నాడు మా పెరటి చెట్టు మట్ట మొదట్లో ఉండే వలలాంటి పీచు కోసుకుని సంచీలో తెచ్చాను. పచ్చి సిమెంటు మీద దాన్ని అద్ది తీస్తే పీచు గళ్ళు అలాగే పడ్డాయి. మట్టలు రాలిన గంట్లు బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కాను. మాను పొడుగునా రెండువందల పైచిలుకు గంట్లు. ప్రతి దాంట్లో నా వేలిముద్ర ఉంది. వేళ్ళు రక్తం వచ్చేవరకూ నొక్కాను, అయినా ఆపబుద్ధి కాలేదు.

ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు రాదు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు చుట్టూ చేరేవారు. ఒక చిన్నపిల్ల రోజూ వచ్చి, "ఇది మళ్ళీ లేస్తాదాండి?" అని అడిగేది. "లేచింది కదమ్మా, చూడు" అంటే, మొవ్వ వైపు తల ఎత్తి చూసి, ఆయ్ అని వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. బస్సులో ఇంటికి వస్తుంటే ఈ సంతోషం ఎవరైనా పట్టేసుకుంటారేమోనని భయం వేసేది. ఇంట్లో అడుగుపెట్టేముందు మొహం మామూలుగా పెట్టుకునేదాన్ని. అత్తగారు, "రోజూ పొద్దుగూకాక వస్తే ఇల్లెవరిదే?" అనేది. మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "ఎంతవరకొచ్చింది చెట్టు?" అనేవారు. వస్తోందండి అనేదాన్ని. ఒక్కరోజు కూడా చూడ్డానికి రాలేదు.

నలభై రెండో రోజున వచ్చారు. మధ్యాహ్నం వేళ, స్కూటరు గేటు దగ్గర ఆపి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని దూరం నుంచే నిలబడిపోయారు. ఆ నిలబడడం నాకు అర్థమైంది. ఆయన పనివాడు, పని చూస్తే తెలుస్తుంది. దగ్గరికొచ్చి మాను చుట్టూ తిరిగారు. వేళ్ళ దగ్గర వంగి చూశారు. వంపు మీద అరచేయి ఆనించి నొక్కారు. మొవ్వలో మట్టల ఈనెలు లెక్కపెట్టినట్టు చూశారు. మళ్ళీ తిరిగారు. మూడు చుట్లు తిరిగారు. "బాగుందే" అంటారని చూశాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఆశపడని మాట ఆ రోజు ఆశపడ్డాను. ఆయన నాలుగో చుట్టు మొదలుపెట్టారు. అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆయన దేనికోసమో వెతుకుతున్నారు. చెయ్యడానికి తనకేమైనా మిగిలిందా అని వెతుకుతున్నారు.

"దీనికి కళ్ళు లేవేంటే" అన్నారు చివరికి, నవ్వుతున్నట్టుగా.

"చెట్టు కదండి."

జ్ఞానమ్మగారి గదిలో పోలిరాజు గారు కూర్చుని ఉన్నారు, వాళ్ళిద్దరూ బయటికి వచ్చారు. మా ఆయన గొంతు సవరించుకుని, "ఒక్క లోటుందండి. పైన మొవ్వ పక్కన ఓ గోరింకని పెడితే నిండుగా ఉంటాది. ప్రాణమున్నట్టుంటాది" అన్నారు. పోలిరాజు గారికి అది వెంటనే నచ్చింది. "ఆయ్, పిట్టుంటే అందమండి. ఉత్త చెట్టేంటి" అన్నారు. జ్ఞానమ్మగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను, అలవాటు ప్రకారం. తలదించుకున్నందుకు ఆ క్షణంలోనే నా మీద నాకు అసహ్యం వేసింది.

స్కూటరు ఎక్కుతూ ఆయన, "రేపు పిట్టని చేసి తడిగోనె కప్పి ఉంచు. పేరుకి పలక కూడా పూసి ఉంచు. ఎల్లుండి పొద్దున్నే నేనొచ్చి కన్ను తెరుస్తాను" అన్నారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. బుజ్జమ్మ నా సంచీ తన ఒళ్ళోకి తీసుకుంది. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. పేరు కోసం కాదు. పేరు ఎన్నిసార్లు పోలేదు! ఆయన దాన్ని చూశారు, అది నిండుగా ఉందని ఆయనకి తెలిసింది. తెలిసి కూడా, అందులో తనకి చోటు కోసం ఒక పిట్టని వెతుక్కున్నారు. ఆ పిట్టని కూడా నన్నే చెయ్యమన్నారు. గోరింకంత పిట్ట, ఆ పిట్టకి ఆవగింజంత కన్ను, ఆ కన్ను గీసినందుకు నలభై రెండు రోజులూ ఆయనవైపోతాయి. మా అత్తగారు అడగనే అడుగుతుంది, మరి బొమ్మ నీదెలాగవుద్ది అని. రేపు హేమ కూడా ఇంకో ఇంట్లో, ఇంకో షెడ్డులో, ఆ మాటే వింటుంది. ఖాళీ అని రాసుకుంటుంది. అది తలుచుకునేసరికి ఏడుపు ఆగిపోయింది.

మర్నాడు పిట్టని చేశాను. గోరింకలు నాకు బాగా తెలుసు, మా పెరట్లో ఎంగిలి మెతుకుల కోసం రోజూ కొట్టుకుంటాయి. మొదట ఆయన చెప్పినట్టే చేశాను. తల ఎత్తి, ముక్కు ముందుకి చాచి, కన్ను ఉండాల్సిన చోట చిన్న ఉబ్బు వదిలాను. ఎక్కి నిలబడ్డ బల్ల దిగి చూశాను. అంత పెద్ద మాను, అన్ని మట్టలు, అన్నీ వదిలేసి చూపు ఆ ఉబ్బు దగ్గరికే పోతోంది. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది. పిల్లలు తరగతుల్లో పద్యాలు చదువుతున్నారు. మళ్ళీ బల్ల ఎక్కాను. పచ్చి సిమెంటు కదా, మాట వింటుంది. పిట్ట మెడ మీద బొటనవేలు పెట్టి, మెల్లిగా వెనక్కి తిప్పాను. తడిగోనె కప్పి దిగేశాను. బుజ్జమ్మ చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాను మొదట్లో పేరుకి పలక కూడా పూశాను, అరచేతి మందాన, ఎప్పటిలాగే.

ఆ మర్నాడు ఉదయం మా ఆయన తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. చేతిలో అద్దం, నడుం దగ్గర పసుపు గుడ్డ మూట. బడి ఆవరణలో దుప్పటి ఎక్కడ కడతారు, ఆడవాళ్ళని ఎక్కడికి పొమ్మంటారు? ఇక్కడ సగంమంది ఆడపిల్లలే, బడి పెద్దే ఆడమనిషి. ఆయన ఒకసారి నా వైపు చూశారు, పక్కకి వెళ్ళమన్నట్టు. నాకు కనిపించనట్టు నిలబడ్డాను. పోలిరాజు గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పిల్లలందరూ మాను చుట్టూ చేరారు.

ఆయన బల్ల ఎక్కి గోనె తీశారు. అద్దం ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఉలి విప్పుకుని, పిట్ట దగ్గరికి వంగారు. కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు. బల్ల మీదే అటు తిరిగి చూశారు.

"కన్నేదే?" అన్నారు.

"రెక్క కిందుందండి. నిద్రపోతంది."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గోరింక తల వెనక్కి తిప్పి, ముక్కు రెక్కలో దూర్చుకుని, ఒళ్ళంతా బంతిలా చేసుకుని, లేచిన మొవ్వ పక్కన హాయిగా పడుకుని ఉంది. గీయడానికి ఎక్కడా ఆవగింజంత చోటు లేదు.

"నిద్రపోయే పిట్టేంటమ్మా, విడ్డూరం కాకపోతే! లేపండి తాతారావు గారూ" అని పోలిరాజు గారు గట్టిగా నవ్వారు.

రోజూ అదే ప్రశ్న అడిగే చిన్నపిల్ల ముందుకు వచ్చి, మూతి మీద వేలు పెట్టుకుని ఆయన వైపు చూసి, "అరవకండి. లేచిపోద్ది" అంది. మిగతా పిల్లలు కూడా ఉష్ ఉష్ అని ఒకళ్ళనొకళ్ళు ఆపుకున్నారు. పోలిరాజు గారు కూడా నోరు మూసుకున్నారు.

మా ఆయన బల్ల దిగారు. అద్దం చేతిలో ఊరికే ఉంది, అందులో ఆయన గడ్డం, కాస్త ఆకాశం కనిపిస్తున్నాయి. నాకు జాలి వేసింది. ఇరవై ఏళ్ళు కలిసి బతికిన మనిషి, నా మీద ఒక్కసారి చెయ్యి ఎత్తని మనిషి. జాలి వేసింది గానీ, పిట్టని లేపాలనిపించలేదు. ఆయన ఎవరినీ చూడకుండా మాను మొదటికి నడిచి, పేరు పలక ముందు గొంతుక్కూర్చున్నారు. తడిగుడ్డ తీశారు. కన్ను లేకపోయినా పేరు ఉంది కదా అనుకున్నట్టున్నారు. ఉలి మొన పలకకి ఆనించారు.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఉలి ఇలా ఇవ్వండి" అన్నాను.

"ఎందుకే?"

"పేరు చెక్కాలండి."

"నేను చెక్కుతున్నాను కదా."

"నా పేరండి."

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపంగా కాదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు చూసినట్టు, విస్తుపోయి చూశారు. తరవాత ఆయన చూపు నా మీద నుంచి మాను మీదికి పోయింది, ఆ గంట్ల మీదికి, నా బొటనవేలి మీది పుండ్ల మీదికి. లేచి నిలబడ్డారు. ఉలిని పసుపు గుడ్డతో సహా మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టారు. ఇరవై ఏళ్ళలో అది నేల మీదికి రావడం అదే మొదటిసారి. ఆయన లెక్కలో అది చాలా పెద్ద సంగతని నాకు తెలుసు.

నేను వంగలేదు. చెయ్యి చాచి అలాగే నిలబడ్డాను. బుజ్జమ్మ చూస్తోంది, జ్ఞానమ్మగారు చూస్తున్నారు, బడి పిల్లలందరూ చూస్తున్నారు. నేను చెయ్యి దించలేదు.

చివరికి ఆయనే వంగారు.